ఎలుకల గది కూడా ప్రయోగ పరికరమే

1907లో అమెరికాలోని విస్కాన్సిన్ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో చేరిన ఎల్మర్ మెకాలమ్‌కు అప్పగించిన పని ఆవుల మేతపై పరిశోధన. ఆవు పెరగడానికి, చూడి కట్టడానికి, ఈనడానికి ఏళ్లు పడుతుంది. మేతలోని ఒక్కొక్క అంశాన్ని విడదీసి పరీక్షించాలంటే పరిశోధకుని జీవితకాలం చాలదు. త్వరగా పెరిగి, కొద్దిగా తిని, తరచుగా ఈనే ప్రాణి కావాలని ఆయన ఎలుకలను కోరగా, రైతుకు శత్రువైన జంతువును వ్యవసాయ కళాశాల డబ్బుతో పెంచడమేమిటని పై అధికారి అంగీకరించలేదు. మెకాలమ్ మొదట అక్కడి గుర్రపుశాలలోని ఎలుకలను పట్టి చూశారు. అవి మచ్చిక కాలేదు. చివరకు సొంత డబ్బుతో షికాగోలోని ఒక వ్యాపారి వద్ద డజను తెల్ల ఎలుకలను కొని 1908లో పెంపకం ప్రారంభించారు. ఆ ఎలుకల ఆలనాపాలనను స్వచ్ఛందంగా తలకెత్తుకున్న యువతి మార్గరీట్ డేవిస్. తర్వాతి కాలంలో విటమిన్ ఎ గా పేరు పొందిన పదార్థాన్ని గురించి 1913లో వెలువడిన పరిశోధన పత్రంపై ఆ ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

ఆనాటి అధికారి ఆలోచన నేటికీ పూర్తిగా పోలేదు. వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలలో ఎలుక ఒకే సమయంలో రెండు పాత్రలు పోషిస్తున్నది. మారుటేరు వంటి పరిశోధన కేంద్రాలలో అది వరి పైరును కొరికే శత్రువు. పోషణ, విషపదార్థాల పరీక్షల విభాగాలలో అది కొలమానం. ఈ రెండవ పాత్రలోని ఎలుకకు కూడా మొదటి పాత్రలోని ఎలుకకు ఇచ్చే మర్యాదే దక్కుతుండడం విచారకరం. పశువుల పాక ఏ దిక్కుగా ఉండాలో, కోళ్ల షెడ్డు చూరు ఎంత ముందుకు రావాలో అంగుళాలతో సహా చెప్పగల శాస్త్రవేత్తలు ఎలుకల విషయానికి వచ్చేసరికి, వేరే పనికి పనికిరాని గది ఏదైనా సరిపోతుందని భావిస్తారు. ఎలుక ఎక్కడైనా బతుకుతుందన్న నమ్మకమే దీనికి మూలం.

ఆ నమ్మకం ఎంత సరైనదో పొలం గట్టును తవ్వి చూసిన విద్యార్థికి తెలియాలి. చిన్న పందికొక్కు ఎక్కడైనా బతకదు. అది ముందుగా ఇల్లు కట్టుకుంటుంది. నేలలో లోతుగా కలుగు తవ్వి, అందులో గింజల నిల్వకు ఒక చోటు, పిల్లలకు గడ్డి పరచిన గూడు మరొక చోట ఏర్పరచుకుంటుంది. బయట మే నెల ఎండ మండుతున్నా లోపల చల్లదనం, చీకటి, తగినంత తేమ ఉంటాయి. గట్టు మునిగితే మరొక గట్టుకు మారుతుంది. పంజరంలోని తెల్ల ఎలుకకు ఈ అవకాశాలలో ఒక్కటీ లేదు. వేడి పెరిగితే లోతుకు పోలేదు, మూత్రపు ఘాటు పెరిగితే దూరంగా జరగలేదు. దాని కలుగును తవ్వవలసిన బాధ్యత పెంచే సంస్థ స్వీకరించినది. అడవి ఎలుక గట్టితనాన్ని చూపి పంజరపు ఎలుకను నిర్లక్ష్యం చేయడం ఈ తేడాను మరచిపోవడమే.

ఇందులో జాలి ఒక్కటే కాదు, సత్యం కూడా ఇమిడి ఉన్నది. ఒక కొత్త పప్పుధాన్య రకంలోని మాంసకృత్తుల నాణ్యతను తెలుసుకోవడానికి చేసే సామర్థ్య నిష్పత్తి పరీక్షను ఉదాహరణగా తీసుకోవచ్చు. పాలు మాన్పించిన, 21 నుండి 28 రోజుల వయసుగల మగ ఎలుకలకు 10 శాతం మాంసకృత్తులున్న ఆహారాన్ని నాలుగు వారాలు పెట్టి, తిన్న ప్రతి గ్రాము మాంసకృత్తుకు ఎన్ని గ్రాముల బరువు పెరిగిందో లెక్కిస్తారు. గది వేడెక్కినప్పుడు ఎలుక మొదట చేసే పని మేత తగ్గించడం. మేత తగ్గితే పెరుగుదల తగ్గుతుంది. ఎలుక తిన్న కొద్దిపాటి మాంసకృత్తు కూడా ఒంటికి పట్టక శరీర నిర్వహణకే ఖర్చవుతుంది. నిష్పత్తి పడిపోతుంది. పోలిక కోసం కేసీన్ తిన్న ఎలుకల గుంపును పక్కన ఉంచి, ఆ విలువను 2.5కు సరిచేసి లెక్క కట్టే పద్ధతి ఉన్నది. అయితే కేసీన్ గుంపు పంజరాలు కిటికీకి దూరంగా, పప్పు గుంపు పంజరాలు ఎండ తగిలే గోడ పక్కన ఉన్నప్పుడు ఆ సవరణ దేనినీ సరిచేయదు. విస్తరణ శాస్త్రవేత్త గ్రామసభలో ఒక రకాన్ని పోషకవిలువ గలదని సిఫారసు చేసినప్పుడు, దాని వెనుక ఉన్న అంకె పప్పుదా, గోడదా అన్న ప్రశ్నకు ఎవరో ఒకరు సమాధానం చెప్పగలిగి ఉండాలి.

ఈ సంగతిని భారతదేశంలో చాలా ముందుగా గుర్తించినవారు రాబర్ట్ మెకారిసన్. 1918లో కూనూరులో చిన్నగా ఆరంభమైన ఆయన పరిశోధనశాలే తర్వాత పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ. దేశంలోని వివిధ ప్రాంతాల ఆహారాలను ఎలుకలకు పెట్టి వాటి పెరుగుదలను పోల్చిన ఆయన ప్రయోగాలు అందరికీ తెలిసినవే. అంతగా ప్రస్తావనకు రానిది ఆయన మూల సంతతి పెంపకం. ఆ ఎలుకలు దాదాపు రోగమన్నది లేకుండా ఉండడానికి మంచి ఆహారంతో పాటు శుభ్రమైన పంజరాలు, గాలి, వెలుతురు కారణమని ఆయన స్పష్టంగా పేర్కొన్నారు. అన్ని గుంపులకూ వసతి ఒకే విధంగా ఉన్నందువల్లనే, ఆహారంలోని తేడా మాత్రమే ఫలితంలో కనిపించిందన్న వాదన నిలబడింది. కూనూరు కొండల చల్లదనం ఆయనకు ఉచితంగా లభించినది. మైదాన ప్రాంతాలలో దానిని విద్యుత్తుతో కొనవలసి ఉంటుంది.

సంతానోత్పత్తికి ఉంచిన ఎలుకలకు 20 నుండి 26 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 30 నుండి 70 శాతం తేమ అనుకూలమని ప్రామాణిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎలుకకు చెమట పట్టదు. అది తోక ద్వారా వేడిని వెలువరిస్తుంది. అదీ చాలనప్పుడు లాలాజలాన్ని బొచ్చుకు పూసుకొంటుంది. బొచ్చు తడిసిన ఎలుకలు కనిపిస్తే నీటి సీసా కారిందని అనుకొనే ముందు ఉష్ణమాపకాన్ని చూడడం మంచిది. 30 డిగ్రీలు దాటిన వేడి కొద్ది రోజులు నిలిచినా మగ ఎలుకలు సంతాన సామర్థ్యాన్ని కోల్పోవచ్చు. వేడి తగ్గిన తర్వాత కూడా అది వెంటనే తిరిగి రాదు. మేలో ఏసీ చెడిపోతే జూన్, జూలైలలో ఈతలు ఎందుకు తగ్గాయో తెలియక మేత మార్చడం, మగవాటిని మార్చడం జరుగుతుంది. మరొక వైపు, పొడి గాలి కూడా ప్రమాదమే. తేమ 40 శాతం కంటే తగ్గినచోట పాలు తాగే పిల్లల తోకలపై ఉంగరాల వలె నొక్కులు ఏర్పడి, కొన్నిసార్లు తోక ఊడిపోతుంది. వేసవి మధ్యాహ్నం ఏసీ నడిచే గదిలో ఇది అసాధారణం కాదు.

ఏ వ్యవసాయ కళాశాల ఆవరణలోనైనా వాతావరణ పరిశీలన కేంద్రం ఉంటుంది. స్టీవెన్సన్ తెర లోపలి గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను ఏ రోజూ తప్పకుండా నమోదు చేయడం విద్యార్థులకు నేర్పుతారు. అదే క్రమశిక్షణ ఎలుకల గదికి ఎందుకు వర్తించదో అర్థం కాదు. ఒక గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకం, ఒక తేమమాపకం, గోడకు వేలాడే ఒక పుస్తకం. వీటి ఖర్చు ఒక రసాయనపు సీసా ఖర్చును మించదు. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయి నాలుగు గంటలకు వచ్చిన సంగతి కనిష్ఠ, గరిష్ఠాల ద్వారానే మరునాడు తెలుస్తుంది. జనరేటరు ఉన్నా దానికి ఎలుకల గదిని కలపని భవనాలు ఉంటాయి; శీతలీకరణ పెట్టెలలోని నమూనాలకు ఉన్న ప్రాధాన్యం ప్రాణమున్న నమూనాలకు దక్కదు.

గది ఉష్ణోగ్రత సరిగా ఉన్నంత మాత్రాన పంజరం లోపల సరిగా ఉన్నట్లు కాదు. ఎలుక నివసించేది గదిలో కాదు, పరుపుపొర మీద రెండు అంగుళాల ఎత్తులో. మూత్రంలోని యూరియాను పరుపులోని సూక్ష్మజీవులు విడగొట్టగా వెలువడే అమ్మోనియా అక్కడే పోగవుతుంది. కోళ్ల షెడ్డులో అమ్మోనియా 25 పిపిఎం దాటరాదని పాఠం చెప్పేవారికి దీని గురించి వేరుగా చెప్పవలసింది లేదు. ఎలుకల ఊపిరితిత్తులలో దాగి ఉండే మైకోప్లాస్మా పల్మోనిస్ అన్న సూక్ష్మజీవి అమ్మోనియా సాయంతో బలపడి దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధిగా మారుతుందని 1970ల నాటికే నిరూపితమైంది. కళ్ల చుట్టూ, ముక్కు కొనన ఎర్రటి మరక కనిపిస్తే విద్యార్థులు రక్తమని కంగారు పడతారు. అది కంటి వెనుక గ్రంథి నుండి వచ్చే రంగు పదార్థం. ఒత్తిడికి, అనారోగ్యానికి తొలి గుర్తు. గదిలోకి గంటకు 10 నుండి 15 సార్లు కొత్త గాలి రావాలనడం ఇందుకే. గాలిని చల్లబరచి తిరిగి అదే గదిలోకి వదిలే సాధారణ గోడ ఏసీ ఈ పని చేయదన్న విషయం చాలామంది గమనించరు. చల్లగా ఉన్న గదిలో ఘాటు ఉండదనుకోవడం పొరపాటు. ప్రతి రోజూ అక్కడే పనిచేసేవారి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది కనుక, అప్పుడప్పుడు బయటి వ్యక్తిని లోపలికి పిలిచి అడగడం ఉత్తమం.

పరుపుగా తెలుగు ప్రాంతాలలో సులభంగా దొరికేది వరి ఊక. చవక అన్నది దాని గుణం. తేమను అంతగా పీల్చుకోలేకపోవడం, సిలికా వలన గరుకుగా ఉండడం, దుమ్ము రేపడం దాని లోపాలు. మిల్లు ఆవరణలో కుప్పగా పడి ఉన్నప్పుడు బయటి ఎలుకలు దానిపై తిరిగి, విసర్జించి ఉండవచ్చు. జల్లించి, ఆటోక్లేవు చేయకుండా వాడితే రోగాన్ని గంపకెత్తి తెచ్చినట్లే. మొక్కజొన్న కండెల నుండి తయారైన పరుపు తేమను బాగా పీలుస్తుంది. వడ్రంగి దుకాణపు రంపపు పొట్టును మాత్రం దూరంగా ఉంచవలసిందే. దేవదారు వంటి సువాసన గల మెత్తటి కలప పొట్టు ఎలుకల కాలేయంలో మందులను విడగొట్టే ఎంజైములను పెంచుతుందని 1967లోనే వెల్లడైంది. పురుగుమందుల విషప్రభావాన్ని పరీక్షించే ప్రయోగశాలలో ఇంతకంటే వింత పొరపాటు ఉండదు: పరీక్షించవలసిన మందు కంటే ముందుగా పరుపే కాలేయంపై పని చేస్తుంది.

ఈనే ఎలుకకు కావలసినది వేరు. పిల్లలతో ఉన్న తల్లికి కనీసం 800 చదరపు సెంటీమీటర్ల నేల, సుమారు 18 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలన్నది విస్తృతంగా పాటించే ప్రమాణం. ఎ4 కాగితం 624 చదరపు సెంటీమీటర్లని గుర్తుంచుకుంటే, ఇది ఎంత తక్కువో అర్థమవుతుంది. కనీసమన్న మాటను చాలునన్న మాటగా చదవరాదు. పెద్ద ఎలుక వెనుక కాళ్లపై నిటారుగా నిలబడడానికి ఆ ఎత్తు చాలదు కూడా. తీగ అడుగు గల పంజరం శుభ్రం చేయడానికి సులువే కాని ఈతకు తగదు. అప్పుడే పుట్టిన పిల్ల 5, 6 గ్రాముల బరువుతో, బొచ్చు లేకుండా, కళ్లు మూసుకొని ఉంటుంది. తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. దానికి గూడే ఒళ్లు. ముద్రణ లేని కాగితపు పేలికలు పిడికెడు వేస్తే తల్లి వాటిని చీల్చి, పేర్చి, గంటలలో గిన్నె వంటి గూడు కడుతుంది. గట్టులో గడ్డితో చేసే పనినే ఇక్కడ కాగితంతో చేస్తుంది. ఈ నేర్పు వందేళ్లకు పైబడిన ప్రయోగశాల జీవితంలో కూడా దానికి పోలేదు.

10 నుండి 12 వారాల వయసులో జత కట్టించిన ఆడ ఎలుక 21 నుండి 23 రోజులలో ఈనుతుంది. ఈతకు ముందు రెండు రోజులు, ఈనిన తర్వాత కొన్ని రోజులు పంజరం మార్చకుండా ఉండడం నియమంగా పెట్టుకోవాలి. సోమవారం శుభ్రపరిచే రోజు కనుక ఆదివారం రాత్రి ఈనిన తల్లిని కూడా కొత్త పంజరంలో వేసే అలవాటు వలన తల్లి పిల్లలను తినివేయడం జరుగుతుంది. తల్లిది క్రూరత్వమని నమోదు పుస్తకంలో రాస్తారు. ఈనిన 24 గంటలలోపే ఎలుక తిరిగి ఎదకు వస్తుంది. మగదాన్ని అక్కడే ఉంచితే పాలిస్తూనే మళ్లీ చూడి కడుతుంది. పిల్లల సంఖ్య పెరుగుతుంది, తల్లి ఒడలుతుంది, రెండవ ఈతలోని పిల్లలు తేలికవుతాయి. పెద్ద సరఫరా కేంద్రాలకు ఆ లెక్క కుదరవచ్చు. ఏడాదికి రెండు, మూడు ప్రయోగాలు జరిగే విభాగానికి ఆ తొందర అనవసరం.

మేత విషయంలో తెలుగు ప్రాంతాలకు ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరం. స్థానికంగా మేత కలుపుకొనేటప్పుడు వేరుశనగ పిండి, మొక్కజొన్న ప్రధాన దినుసులవుతాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ల మరణానికి కారణమై, అఫ్లాటాక్సిన్ అన్న విషాన్ని లోకానికి పరిచయం చేసినది వేరుశనగ పిండే. ఎలుక కాలేయం దానికి ఎంతో సున్నితమైనది. వానాకాలంలో తడి నేలపై ఆనించిన మేత సంచి నుండి వచ్చే దోషం, ప్రయోగంలోని పురుగుమందు ఖాతాలో పడుతుంది. చెక్క బల్లపై, గోడకు దూరంగా, మూత గల డబ్బాలో నిల్వ చేయాలని రైతుకు విత్తనాల గురించి చెప్పే సలహానే ఇక్కడా పాటిస్తే చాలు. గది తలుపు కింది సందును రేకుతో మూయించడం కూడా అంతే ముఖ్యం. బయటి ఎలుక మేత కోసం లోపలికి వస్తే తన పేలను, లెప్టోస్పైరాను తోడు తెస్తుంది. ఎలుకల నివారణపై పుస్తకాలు వెలువరించిన సంస్థలోని ఎలుకల గదిలోకే ఇంటి ఎలుక ప్రవేశించడం కంటే ఇబ్బందికరమైన దృశ్యం ఉండదు.

వెలుతురు, శబ్దాల గురించి కొద్దిగా చెబితే సరిపోతుంది. తెల్ల ఎలుక కంటిలో రంగు పదార్థం లేదు. ట్యూబు లైటుకు దగ్గరగా ఉన్న పై వరుస పంజరాలలో కంటిపొర దెబ్బతింటుంది. 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి గడియారంతో నడవాలి, కాపలావాడి టార్చితో కాదు. మనిషి చెవికి అందని 20 కిలోహెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులలో ఎలుకలు పరస్పరం పిలుచుకొంటాయి. కనుక గది నిశ్శబ్దంగా ఉందని మనిషి ఇచ్చే సాక్ష్యం చెల్లదు. కారే కుళాయి, పాత ట్యూబు లైటు చోకు ఆ స్థాయిలో మోత చేస్తుండవచ్చు.

వసతి చర్చలో కనబడకుండా పోయే మరొక వసతి జన్యువులది. నాలుగు మగ, పన్నెండు ఆడ ఎలుకలతో నడిచే కాలనీలో ప్రభావవంతమైన సంఖ్య పన్నెండే. పశుప్రజనన పాఠంలోని రైట్ సూత్రం ప్రకారం తరానికి 4 శాతానికి పైగా అంతఃప్రజననం పెరుగుతుంది. ఏడాదికి మూడు తరాల చొప్పున లెక్కిస్తే రెండేళ్లు తిరగకముందే వైవిధ్యంలో ఐదవ వంతు పోతుంది. అప్పటికీ పత్రాలలో వాటిని విస్టార్ ఎలుకలనే రాస్తారు. ఇరవై ఐదు జతలు నిలుపుకొన్నచోట ఆ నష్టం తరానికి 1 శాతమే. అన్ని జతలకు గది, మనుషులు, మేత లేని సంస్థ సొంతంగా పెంచకపోవడమే న్యాయం. జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా ప్రయోగ జంతువులను పెంచి అందించింది. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి అదే పనికి ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పింది. అక్కడి నుండి తెప్పించి, వారం పది రోజులు కొత్త గదికి అలవాటు పడనిచ్చి వాడుకోవడం చిన్నతనమేమీ కాదు. ఎలుక చవక అన్న మాటలో దాని గది ఖర్చు కలిసి లేదు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద వచ్చిన 1998 నిబంధనలు పెంపకానికీ, ప్రయోగానికీ నమోదును, సంస్థాగత నైతిక సంఘాన్ని తప్పనిసరి చేశాయి. ఈ సంఘాలు ప్రయోగపు పత్రాలను ఎంత శ్రద్ధగా చదువుతాయో గదులను అంత శ్రద్ధగా చూడడం లేదన్న విమర్శలో నిజం లేకపోలేదు. తనిఖీకి ముందు రోజు కడిగిన గది తనిఖీ నాడు అందంగానే ఉంటుంది. సంక్రాంతి సెలవులలో మూడవ రోజు ఆ గది ఎలా ఉన్నదో చెప్పగలిగినది సంరక్షకుడు ఒక్కడే. నీటి సీసా నోరు మూసుకుపోయి ఎలుక దాహంతో ఉన్నా, కారి పిల్లలు తడిసి చల్లబడినా, మొదట గుర్తించవలసినది అతడే. ఎలుక మూత్రంలోని మాంసకృత్తుల వలన ఉబ్బసం బారిన పడే ప్రమాదం ఉన్నదీ అతనికే. అయినా చాలాచోట్ల ఆ పని రోజుకూలికో, వేరే విభాగం నుండి వంతుల వారీగా వచ్చే ఉద్యోగికో అప్పగిస్తారు. ఎలుకలు చేతిని గుర్తుపడతాయి. మనిషి మారిన ప్రతిసారీ బెదురు మళ్లీ మొదలవుతుంది. రసెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించిన సూత్రాలలో జంతువుల సంఖ్యను తగ్గించడం ఒకటి. స్థిరమైన వసతి, స్థిరమైన చేయి ఉన్నచోట ఫలితాలలో చెదురు తగ్గి, అదే నమ్మకానికి తక్కువ ఎలుకలు చాలుతాయి. శిక్షణ పొందిన ఒక సంరక్షకునికి శాశ్వత పోస్టు మంజూరు చేయించడం కొత్త పంజరాల కొనుగోలు కంటే కష్టమైన పని అని విభాగాధిపతులకు తెలుసు. బహుశా అందుకే పంజరాలు కొంటారు.

స్నాతకోత్తర సిద్ధాంత గ్రంథాలలో నేల రకం, వర్షపాతం, సాగు కాలపు వారాల వారీ ఉష్ణోగ్రతలు పట్టికలుగా ఇవ్వడం సంప్రదాయం. ఎలుకలపై జరిపిన ప్రయోగమైతే ‘ప్రామాణిక పరిస్థితులలో ఉంచబడినవి’ అన్న ఒక్క వాక్యంతో ఆ భాగం ముగుస్తున్నది. పంజరం కొలతలు, పరుపు, ఒక్కో పంజరానికి ఎన్ని ఎలుకలు, ప్రయోగ కాలంలో గదిలో నమోదైన గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, కరెంటు పోయిన గంటలు ఒక చిన్న పట్టికలో ఇమిడిపోతాయి. ఆ పట్టిక లేని సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు తిప్పి పంపడం మొదలుపెడితే, ఉష్ణమాపకం కొనడానికి ఏ విభాగానికీ ప్రత్యేక నిధులు అడగవలసిన అవసరం రాదు.